‘ప్రేమ’ అని రాసిన రాగి సీసా: రెండు నెలలు వాడిన తరవాత

మా ఆడపడుచు ఇంట్లో చూసి ముచ్చటపడి, ఆన్‌లైన్‌లో 1,890 రూపాయలు పెట్టి నేను కొన్న లీటరు రాగి నీళ్ళసీసా గురించి ఈ సమీక్ష. తయారీదారు పేరు రాయడం లేదు. ఇటువంటి సీసాలు ఇప్పుడు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. వాటి వెంట వచ్చే కరపత్రాలు మాత్రం ఒకే చేత్తో రాసినట్టు ఉంటున్నాయి కనుక, ఒక సంస్థను వేలెత్తి చూపడం కంటే ఆ కరపత్రంలోని మాటలను పరీక్షించడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం. సీసా నడుము చుట్టూ తెల్లని అక్షరాలలో ‘ప్రేమ’, ‘ఆరోగ్యం’, ‘కృతజ్ఞత’ అనే మూడు మాటలు ముద్రించి ఉన్నాయి. రాత్రి నీళ్ళు నింపి, ఆ మాటలను మనసులో అనుకుంటూ సీసాను రెండు చేతులతో పట్టుకుని, తెల్లవారాక తాగాలని సూచన. అలా చేస్తే నీటి అణువుల అమరిక మారుతుందనీ, నీరు ‘జీవం’ పోసుకుంటుందనీ, అందులోని హానికర పదార్థాలు నిర్వీర్యమవుతాయనీ కరపత్రం హామీ ఇస్తోంది.

ముందు పాత్ర సంగతి చెబుతాను. రాగి మంచిదే, మందం బాగానే ఉంది, అతుకు కనిపించదు. మూతి మాత్రం ఇరుకు. చెయ్యి లోపలికి పోదు కాబట్టి అడుగున పట్టిన కిలుమును చింతపండు, ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గిలకరించి వదిలించవలసి వస్తుంది. మూత లోపలి రబ్బరు వాషరు మూడో వారానికే వదులైంది. సంచిలో పడుకోబెట్టి తీసుకెళ్తే చుక్కలు చుక్కలుగా కారుతోంది. మా వీధి చివరి పాత్రల కొట్టులో ఇంతే బరువున్న, ఏ మాటా రాయని లీటరు సీసా 750 రూపాయలకు దొరికింది; పోల్చి చూడడానికి దాన్నీ కొన్నాను. అంటే మూడు మాటల ఖరీదు 1,140 రూపాయలు. తలకు 380 అన్నమాట. ఆ ఖరీదుకు న్యాయం జరిగిందా లేదా అన్నదే నాకు తేలవలసిన విషయం.

కరపత్రంలో రెండు బొమ్మలున్నాయి. ఒకటి ఆరు కొమ్మలతో ముగ్గులా విచ్చుకున్న మంచు స్ఫటికం, రెండోది ముద్దగా, వంకరగా ఉన్న మరక. మొదటిది ప్రేమ మాట విన్న నీరు, రెండోది తిట్టు విన్న నీరు అని కింద రాసి, ‘శాస్త్రవేత్త డాక్టర్ ఎమోటో’ అని పేరు వేశారు. మసారు ఎమోటో (1943–2014) జపాన్‌లోని యోకొహామాలో పుట్టి, అక్కడి పురపాలక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాలు చదువుకున్నారు. ఆయన పేరు ముందున్న ‘డాక్టర్’ 1992లో మన దేశంలోనే ఒక ప్రత్యామ్నాయ వైద్య సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం నుంచి వచ్చింది. ఈ కథతో భారతదేశానికి ఉన్న తొలి బంధుత్వం బహుశా అదే. 1999లో ఆయన వెలువరించిన స్ఫటికాల ఛాయాచిత్రాల పుస్తకం జపాన్ దాటి ప్రపంచమంతా తిరిగింది. సీసాలపై కాగితం ముక్కలు అంటించి ఆయన నీటికి చూపించిన మాటలలో ‘ఐ’, ‘కాన్షా’ అనే జంట, అంటే ప్రేమ, కృతజ్ఞత, అన్నిటికంటే అందమైన స్ఫటికాన్ని ఇచ్చిందని ఆయన రాశారు. నా సీసా మీది మాటలకు పుట్టిల్లు ఆ జంటే. మధ్యలో ‘ఆరోగ్యం’ మన అమ్మకందారు కలుపుకున్నది.

ఆయన పద్ధతిని కరపత్రం చెప్పదు. అది తెలిస్తే బొమ్మల విలువ తెలుస్తుంది కనుక నేను చెబుతాను. ఒక్కొక్క నీటి నమూనాను 50 గాజు పళ్ళాలలో చుక్కలుగా వేసి, సున్నాకు 25 డిగ్రీల దిగువన మూడు గంటల పాటు గడ్డ కట్టిస్తారు. తరవాత సున్నాకు 5 డిగ్రీల దిగువన ఉంచిన గదిలోకి తెచ్చి, సూక్ష్మదర్శిని వెలుతురులో మంచు బొట్టు కొసను పరిశీలిస్తే, కొద్ది క్షణాల పాటు స్ఫటికం ఎదిగి కరిగిపోతుంది. 50 పళ్ళాలలో 50 రకాలు వస్తాయి. కొన్నిటిలో ఏ స్ఫటికమూ రాదు. వాటిలోంచి పుస్తకంలోకి ఎక్కేది ఎంపిక చేసిన బొమ్మ. ఏ పళ్ళెం ఏ మాట విన్నదో ఫొటో తీసేవారికి ముందే తెలిసి ఉన్నప్పుడు, మంచి మాటకు మంచి బొమ్మా చెడ్డ మాటకు చెడ్డ బొమ్మా దొరకడానికి నీటికి చెవులు ఉండనక్కరలేదు. మనిషికి కళ్ళుంటే చాలు.

అసలు ఆ స్ఫటికానికి రూపం ఇచ్చేది ఏమిటో అదే జపాన్ దేశంలో ఎమోటో పుట్టకముందే ఒకాయన తేల్చారు. హొక్కైదో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన ఉకిచిరో నకాయా 1936లో కుందేలు వెంట్రుక కొసన ప్రయోగశాలలోనే మంచు స్ఫటికాన్ని పెంచి చూపించారు. గాలి ఎంత చల్లగా ఉంది, అందులో నీటి ఆవిరి ఎంత ఉంది అన్న రెండు లెక్కలను బట్టి స్ఫటికం రూపం మారుతుందని ఆయన పటం గీశారు. సున్నాకు 15 డిగ్రీల దిగువన, ఆవిరి సమృద్ధిగా ఉంటే ఆరు కొమ్మల నక్షత్రాలు, 5 డిగ్రీల దిగువన సూదులు, స్తంభాలు. ఆవిరి తక్కువైతే ఒట్టి పలకలు. కరపత్రంలోని ముగ్గు అచ్చం నకాయా పటంలోని ముగ్గే. మంచు బొట్టు కొసన ఎదిగే స్ఫటికం గది గాలిలోని ఆవిరి వచ్చి పేరుకున్నదే కనుక, బొట్టులోని నీరు రాత్రంతా ఏ మాట విన్నా, అంటే విన్నదనే అనుకున్నా, ఆ రూపానికి దానితో పెద్దగా నిమిత్తం లేదు. ఇక ‘అణువుల అమరిక’ అంటారా, ద్రవరూపంలో ఉన్న నీటిలో అణువుకూ అణువుకూ మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్షకోట్లవ వంతు కాలంలో తెగి వేరే అణువులతో కలుస్తుంటాయి. రాత్రి పదింటికి చెప్పిన మాటను తెల్లవారి ఆరింటి దాకా మోసే అమరిక ఏదీ అక్కడ నిలవదు.

ఎమోటో పక్షాన చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. 2006లో, మనోశక్తులపై పరిశోధించే అమెరికన్ డీన్ రేడిన్ బృందం, ఎమోటోను సహరచయితగా చేర్చుకుని, టోక్యోలో సుమారు 2000 మంది చేత కాలిఫోర్నియాలోని నీటి సీసాల వైపు సద్భావన పంపించింది. ఫొటోలు తీసినవారికి గాని, అందానికి మార్కులు వేసిన 100 మందికి గాని ఏ బొమ్మ ఏ నీటిదో తెలియనివ్వలేదు. సద్భావన అందుకున్న నీటి స్ఫటికాలకే మార్కులు ఎక్కువ వచ్చాయని వారు ప్రకటించారు. వెనకటి పద్ధతి కంటే ఇది మెరుగైన ప్రయత్నమేనని ఒప్పుకోవాలి. కాని అది చిన్న తొలి ప్రయోగం. అందులో కొలిచింది బొమ్మ అందం గురించి మనుషుల అభిప్రాయాన్ని. ఆ నీరు తాగితే ఒంటికి మేలు జరుగుతుందని గాని, అందులో విషం విరిగిపోతుందని గాని అక్కడ ఎవరూ కొలవలేదు. నా కరపత్రం ఆ రెండిటి మధ్య ఉన్న అగాధాన్ని ఒక్క ‘కనుక’తో దాటేసింది.

ఇంట్లో నేను చేసినవి చిన్న పరీక్షలే. రెండు సీసాలలోనూ ఒకే కుళాయి నీళ్ళు నింపి, ఒకదాన్ని విధి ప్రకారం పట్టుకుని, రెండోదాన్ని గట్టు మీద వదిలేశాను. పొద్దున్నే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే రెండింటి అంకె ఒకటే. ఏది ఏ సీసా నీళ్ళో చెప్పకుండా గ్లాసుల్లో పోసి ఇస్తే మావారు, పిల్లలు రుచిలో తేడా చెప్పలేకపోయారు. రాగి వాసన రెండిట్లోనూ ఉంది, అంతే. ఎమోటో చెప్పిన అన్నం పరీక్ష కూడా చేశాం. అన్నం ఉన్న ఒక సీసాకు నెలపాటు కృతజ్ఞతలు చెప్పి, మరోదాన్ని మూర్ఖమని తిడితే, మొదటిది కమ్మగా పులుస్తుందనీ రెండోది నల్లగా కుళ్ళుతుందనీ ఆయన కథనం. మేము రెండు కాకుండా ఆరు సీసాలు పెట్టి, చీటీలు అడుగున అంటించాం. నెల తిరిగేసరికి ఒక ‘కృతజ్ఞత’ సీసాలో నల్లబూజు, ఒక ‘మూర్ఖం’ సీసాలో తెల్లబూజు, మిగిలిన నాలుగూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రకరకాలుగా తయారయ్యాయి. దేనిలో ఏ సూక్ష్మజీవి ముందు పడిందన్నదే అక్కడ లెక్క. మా పుట్టింట్లో తరవాణి కుండకు ఎవరూ ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పిన జ్ఞాపకం లేదు. అయినా అది పాపం ఏనాడూ పులవడం మానలేదు. ఇదంతా చూస్తున్న మా అత్తగారు, ‘‘ఏమ్మా, అయితే ఇన్నాళ్ళూ నేను విసుక్కుంటూ తోడిన బావినీళ్ళేనా మీరంతా తాగి పెరిగింది?’’ అని అడిగారు. కరపత్రంలో దానికి జవాబు లేదు.

రాగికి మాత్రం నిజమైన పని ఉంది. దాన్ని మాటల ఖాతాలో వేయడం నాకు అన్నిటికంటే అభ్యంతరంగా తోచింది. 2012లో బెంగళూరు పరిశోధకులు కలరా, టైఫాయిడ్, విరేచనాల బాక్టీరియా కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచి చూస్తే ఆ క్రిములు మిగల్లేదు. నీటిలోకి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల పరిమితికి చాలా తక్కువలోనే ఉంది. నీటి క్షారత్వం కూడా అతి స్వల్పంగా పెరిగింది. ‘ప్రేమ వల్ల పీహెచ్ పెరుగుతుంది’ అని నా కరపత్రం చెబుతున్నది బహుశా ఈ పెరుగుదలనే. రాగి బిందెలో రాత్రి నీళ్ళు పోసి పెట్టే మన పెద్దల అలవాటుకు ఇది చాలు. పైన అక్షరాలు అక్కరలేదు. ఒక జాగ్రత్త కరపత్రం ఎక్కడా చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను: నిమ్మరసం, మజ్జిగ, చారు వంటి పులుపులు ఇందులో పోయకూడదు. పులుపు రాగిని ఎక్కువగా కరిగిస్తుంది, కడుపులో తిప్పుతుంది.

‘హానికర పదార్థాలు నిర్వీర్యమవుతాయి’ అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన రాష్ట్రంలో ఈ వాక్యాన్ని అమ్మకానికి పెట్టకూడదు. ఆ నీటి నుంచి ఫ్లోరైడును తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే విధానాన్ని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది. దానికి ప్రపంచంలో ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. ఫ్లోరైడుకు తెలిసిన భాష పటిక. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగినప్పుడు, అక్కడి నీటికి క్షమాపణ, కృతజ్ఞత, ప్రేమ చెబుతూ అందరూ ఒకే వేళకు ప్రార్థించాలని ఎమోటో ప్రపంచానికి లేఖ రాశారు. ఆ ప్రార్థనలో పాల్గొన్నవారి దుఃఖం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. నీటిలోని రేడియోధార్మిక పదార్థాలను వడగట్టింది మాత్రం ఏళ్ళ తరబడి నడిచిన శుద్ధి యంత్రాలు. వాటి తరవాతే 2023 ఆగస్టులో ఆ నీటిని సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు.

ఇలా రాసినందుకు, మంత్రించిన నీళ్ళను, తీర్థాన్ని వెక్కిరిస్తున్నానని కొందరు అనుకోవచ్చు. కలశంలోని నీళ్ళ మీద చెయ్యి ఉంచి ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి’ అన్నప్పుడు మా ఇంటి బోరు నీళ్ళే గోదావరి అవుతాయని నేనూ నమ్ముతాను. దర్గాలో ఊది ఇచ్చిన నీళ్ళు పిల్లాడికి తాగించే తల్లినీ అర్థం చేసుకోగలను. కాని పూజ చేయించే పంతులుగారు నాకు సూక్ష్మదర్శిని ఫొటో చూపించరు, సంకల్పం చెప్పాం కాబట్టి నీళ్ళు కాచుకోనక్కరలేదని కూడా అనరు. అక్కడ మాట మారుస్తున్నది చెయ్యి చాచిన మనిషిని. ఎమోటో, ఆయన పేరు చెప్పి సీసాలు అమ్ముతున్నవారు ఆ విశ్వాసాన్ని తెచ్చి కొలత అని పేరు పెట్టారు. కొలత అన్న తరవాత కొలిచి చూడడానికి ఒప్పుకోవాలి. ఏ ప్రయోగశాలలో, ఎప్పుడు పరీక్షించారో చెప్పమని నేను అమ్మకందారుకు రెండుసార్లు రాస్తే, రెండుసార్లూ అదే కరపత్రాన్ని మళ్ళీ పంపారు.

రాగి సీసాగా దీనికి అయిదులో మూడు ఇస్తాను. ఇరుకు మూతికి ఒకటి, వాషరుకు ఒకటి తగ్గించాను. మాటల సీసాగా సున్నా. కొనదలచినవారు పాత్రల కొట్టుకు వెళ్ళి, చెయ్యి పట్టే మూతి ఉన్నది, బరువు చూసి కొనుక్కోవడం మేలు; మిగిలిన డబ్బుతో ఇంటి నీటిని ఒకసారి పరీక్ష చేయించుకోవచ్చు. ఒకవేళ ఇదే కొంటే, అక్షరాల పూత నాణ్యత గురించి కూడా తెలిసి ఉండాలి. సీసా పైన కూడా చింతపండు రాసి తోమినందున రెండు నెలలకు ‘ప్రేమ’ పూర్తిగా పోయింది, ‘ఆరోగ్యం’లో సున్నా ఒక్కటే మిగిలింది, ‘కృతజ్ఞత’ కొంచెం గట్టిగా నిలిచి ‘కృత’ దగ్గర ఆగింది. టీడీఎస్ మీటరులో అంకె మొదటి రోజుదే.