గట్టు మీద పాము: తల చూడాలా, ఒంటి మీది మచ్చలు చూడాలా?

చెరువు గట్టునో, వరిమడి కాలవలోనో కనిపించేది చాలాసార్లు నీరుకట్టు అనే నీటిపామే. విషం లేదు, కోపం మాత్రం ఎక్కువ. అయితే ఎలకల కోసం, కప్పల కోసం రక్తపింజరి, నాగుపాము కూడా అవే గట్ల మీద తిరుగుతాయి. పాములన్నీ ఈదుతాయి కాబట్టి నీళ్లలో కనిపించినంత మాత్రాన నీటిపాము అయిపోదు.

తల త్రికోణంగా ఉంటేనే విషప్పాము అని చాలామంది లెక్క. అది పింజరులకే సరిపోతుంది. నాగుపాము, కట్లపాము తలలు అలా ఉండవు, ఈ లెక్కన అవి రెండూ మంచి పాములైపోతాయి! అటు నీరుకట్టు బెదిరితే తల వెడల్పు చేస్తుంది, మెడ చదును చేసి పైకి లేస్తుంది. దాన్ని పడగ అనుకుని కొట్టి చంపేస్తారు. కంటిపాప సంగతీ అంతే. పింజరికి నిలువుగా ఉంటుంది, నిజమే. నాగుపాముకీ కట్లపాముకీ గుండ్రంగానే ఉంటుంది. అయినా పాప కనిపించేంత దగ్గరికి వెళ్లడమే తప్పు.

మచ్చలే మేలు, పదడుగుల దూరం నుంచి తెలుస్తాయి. నీరుకట్టుకు వీపంతా చదరంగం గళ్లలా నల్లమచ్చలు. కంటి కింద నుంచి పెదవికి ఒకటి, కంటి వెనక నుంచి నోటి మూలకు ఒకటి, ఏటవాలుగా రెండు నల్లగీతలు ఉంటాయి. ఇవి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రక్తపింజరికి నల్లటి అంచున్న కోలమచ్చలు మూడు వరసల్లో ఉంటాయి. ఒళ్లు లావు, తోక పొట్టి. కట్లపాముకు నల్లటి ఒంటి మీద సన్నటి తెల్లకట్లు, ఎక్కువగా జతలుగా. తల వెనక కొంతమేర కట్లు ఉండవు.

బురద పట్టినా, కుబుసం విడిచే ముందు రంగు మసకబారినా మచ్చలూ మోసం చేస్తాయి. అప్పుడు విషప్పామనే అనుకోవాలి.

కోరింగ లాంటి మడ అడవుల దగ్గర, ఉప్పుటేర్లలో మాత్రం తోక చూడండి. తెడ్డులా చదునుగా ఉంటే సముద్రపు పాము, విషం తీవ్రం. మన ఆస్పత్రుల్లో ఇచ్చే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలతో తయారైంది. సముద్రపు పాము విషం మీద పనిచేయదు. వలలో పడితే చేత్తో తీయకండి.

పట్టుకోవడం, చంపడం కన్నా ఫోటో మేలు: జూమ్ చేసి వీపు ఒకటి, తల పక్క నుంచి ఒకటి. కాటు పడితే పామును ఆస్పత్రికి మోసుకెళ్లనక్కర్లేదు. తెగిన తల కూడా కాసేపు కరవగలదు. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరులు, ఈ నాలుగింటికీ మందు ఒకటే. ఆస్పత్రిలో 2 మి.లీ. రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి కాటని అనుమానించాలి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే నీరుకట్టని ఖాయంగా తేలనప్పుడు ఇంట్లో ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి.