రూమ్మేట్‌కి అడ్వాన్స్ కొట్టే ముందు ఓనరు సంతకం చూసుకోండి

విజయవాడలో పటమట, కానూరు వైపు షేరింగ్ రూములు వెతికేవాళ్లూ, గుంటూరు బ్రాడీపేటలో చూసుకునేవాళ్లూ ఇది చదివాకే ఫోన్‌పే తెరవండి.

మోసం ఇలా నడుస్తుంది. మూడు బెడ్‌రూముల ఫ్లాటు, అద్దె 18,000 అనుకోండి. అగ్రిమెంటు ఒక్కడి పేరు మీదే. మిగతా రెండు గదుల్లో చెరొకరిని పెట్టుకుని, తలా 6,000 అద్దె, 15,000 అడ్వాన్సు తీసుకుంటాడు. "ఓనరు గారికి చెప్పానులే" అంటాడు. కొన్నాళ్లకు ఓనరే వచ్చి తలుపు కొడతారు: రెండు నెలల అద్దె బాకీ, అసలు మీరెవరు? వాడి ఫోను అప్పటికే స్విచాఫ్. ఓనరు చేతికి మీ 15,000 రానేలేదు, కాబట్టి ఆయన్ని అడగడానికి లేదు.

ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108 చూపించి సబ్‌లెట్ (అద్దెకు తీసుకున్నవాడు మళ్లీ ఇంకొకరికి అద్దెకివ్వడం) తప్పు కాదనేవాళ్లున్నారు. ఒప్పందంలో వద్దని లేకపోతేనే అది చెల్లుతుంది. మన 11 నెలల అగ్రిమెంట్లలో "ఇతరులకు అద్దెకివ్వరాదు" అన్న లైను చాలావరకు టైపిస్టు నమూనాలోనే ఉంటుంది! ఓనరు రాతపూర్వక అనుమతి లేకపోతే అసలు అద్దెదారుతో పాటు మీరూ సామాను సర్దుకోవాల్సిందే.

అందుకే ముందు అగ్రిమెంటు మొత్తం చదవండి, ఫొటో తీసుకోండి. ఓనరు నంబరు రూమ్మేట్ ఇస్తే నమ్మొద్దు, వాచ్‌మన్‌నో అసోసియేషన్ వాళ్లనో అడగండి. కరెంటు బిల్లు మీద పేరు కూడా చూడండి, కాకపోతే చాలాచోట్ల బిల్డరు పేరే మారకుండా ఉండిపోతుంది. తర్వాత ఓనరుతో ఒక పేజీ రాయించుకోండి: ఏ గది, ఎవరు ఉంటారు, ఎంత అడ్వాన్సు, ఎవరి చేతికి ఇచ్చారు, ఎవరు తిరిగివ్వాలి.

ముగ్గురి పేర్లూ అగ్రిమెంట్లో ఎక్కితే ఇంకా మంచిది. ఉండే హక్కు నేరుగా మీకు వస్తుంది. అయితే దానికో మెలిక ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 43 ప్రకారం, విడివిడి వాటాలని స్పష్టంగా రాసుకోకపోతే, ఒకడు ఎగ్గొట్టినా ఓనరు మొత్తం 18,000 మీ ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు. వాడి వాటా వాడి దగ్గర రాబట్టుకునే పని మీది. "ఎవరి 6,000కి వారే బాధ్యులు" అని రాయించడం ఒక్క లైను పని. ఓనర్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు, అయినా అడగండి.

అడ్వాన్సు చేతికిస్తే రశీదు తీసుకోండి. యూపీఐ అయితే "అడ్వాన్సు, రెండో గది" అని నోట్‌లో టైప్ చేసి పంపండి. నోట్ ఖాళీగా పంపితే, రేపు తీసుకున్నవాడు అది మీరు తీర్చిన చేబదులని వాదిస్తాడు.