మంచినీటి చెరువా, ఆర్వో ప్లాంటా, మురుగు కాలువా: పంచాయతీ డబ్బు ముందు దేనికి?

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరి డెల్టా ఊళ్లు సాగుకూ తాగడానికీ కాలువనే నమ్ముకున్నాయి. దాళ్వా (రబీ వరి) చేతికొచ్చే వేళకు కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకు (ఖరీఫ్ వరికి) నీరు వదిలేదాకా, ఇంచుమించు రెండు నెలలు, కుళాయిలో వచ్చేది ముందుగా చెరువులో నింపుకున్న నీరే. అందుకే బడ్జెట్ వేళ పంచాయతీ ముందుకు మూడు కోరికలు వస్తాయి: చెరువు పూడిక తీయించడం, ఆర్వో ప్లాంటు పెట్టించడం, మురుగు కాలువలు బాగుచేయించడం. మూడూ ఒకేసారి చేయగల డబ్బు చిన్న పంచాయతీకి ఉండదు. నా లెక్కలో చెరువే మొదటిది.

ఐదు వేల జనాభా గల ఊరికి, ఇంటింటి కుళాయి కోసం కేంద్రం పెట్టిన జల జీవన్ మిషన్ చెప్పిన మనిషికి 55 లీటర్ల చొప్పున, రోజుకు 2,75,000 లీటర్లు, 60 రోజులకు 1 కోటి 65 లక్షల లీటర్లు కావాలి. నాలుగు ఎకరాల చెరువులో మీటరు మందాన పూడిక పేరుకుంటే పోయే చోటు 1 కోటి 60 లక్షల లీటర్ల పైమాటే. అంటే ఆ ఒక్క మీటరు ఒండ్రు ఊరి వేసవి నీటిని దాదాపు మొత్తంగా మింగేస్తోంది. మా ఊరి చెరువు రేవుకు పదకొండు మెట్లున్నాయి. చిన్నప్పుడు అన్నీ దిగినవాణ్ణి. కిందటి వేసవిలో ఏడో మెట్టు దాటగానే మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. గట్టు మీద నిలబడి చూసేవారికి మాత్రం చెరువు నిండుగానే కనబడుతుంది.

పూడికతీతకు ఒక చిక్కుంది. కూలీలకు పొలం పనులు లేని మే నెలలో చెరువు ఎండగట్టడం కుదరదు, ఆ నీరే ఊరికి ఆధారం. కాలువ ఇంకా పారుతుండగానే, ఫిబ్రవరిలో, నీటిని నేరుగా ఫిల్టరు బెడ్లకు మళ్లించి, చెరువు తోడి, పూడిక ఎత్తి, కాలువ కట్టేలోగా తిరిగి నింపుకోవాలి. జనవరిలోగా మంజూరు కాని డబ్బు ఆ ఏడాది అక్కరకు రాదు. మరొక మాట: గట్టు పక్కనే రొయ్యల చెరువులు తవ్వితే ఊటగా దిగే ఉప్పును ఏ పూడికతీతా ఆపలేదు, అటువంటి తవ్వకానికి మొదట్లోనే అభ్యంతరం చెప్పడం పంచాయతీకి ఖర్చులేని పని.

ఆర్వో యంత్రం చేసే అసలు పని నీటిలో కరిగిన లవణాలను తీయడం. గోదావరి కాలువ నీటికి ఉన్న జబ్బు ఉప్పు కాదు, బురద, క్రిములు. వాటికి మందు ఇసుక ఫిల్టరూ క్లోరినూ. ఫిల్టరు పైపొర గీకించి కడిగిన ఇసుక పోయించడం, చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో రోజూ చూడడం ఏ పంచాయతీకైనా చేతనయ్యే పనులే. ఆర్వో ఇంటికొక ఇరవై లీటర్ల టిన్ను ఇస్తుంది. స్నానానికీ గిన్నెలు తోమడానికీ పశువులకూ మళ్లీ చెరువే దిక్కు. పైగా శుద్ధి చేసిన నీటికి దాదాపు సమానంగా ఉప్పునీరు మురుగులోకి పోతుంది. అయితే సముద్రపు ఒడ్డు శివారు గ్రామాల సంగతి వేరు. కాలువ నీరు సరిగా అందక, బోరు నీటిలో లవణాలు లీటరుకు 2,000 మిల్లీగ్రాముల పరిమితి దాటినచోట ఆర్వో అవసరమే, అక్కడ నేను దానికే ఓటు వేస్తాను.

మురుగు కాలువ చెరువుతో పోటీ పడనక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామ పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని ఫలానా పనులకేనని ముడిపెట్టి, అందులో సగం తాగునీటికీ సగం పారిశుద్ధ్యానికీ కేటాయించింది. అలాంటి విభజనలో నీటి సగం చెరువుకు, పారిశుద్ధ్యపు సగం మురుగుకు పెట్టవచ్చు. పశ్చిమ గోదావరిలోని యనమదుర్రు వంటి పెద్ద డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయించే భారం పంచాయతీది కాదు, ఆ డబ్బు అటు పోకూడదు. భూగర్భజలం పైపైనే ఉండే ఈ నల్లరేగడిలో ఇంకుడు గుంతలు వానాకాలంలో పనిచేయవు కనుక, వీధి మురుగు వెళ్లి పంట కాలువలో కలిసేచోట నీరు తేరుకునే గుంట కట్టించడం మేలు. మనం వదిలిన మురుగే దిగువ ఊరి చెరువులోకి ఎక్కుతోంది.

గ్రామసభకు ముందే పడవలో వెళ్లి, వెదురు గడతో చెరువులో పది చోట్ల పూడిక లోతు కొలిచి, ఆ అంకెలను అంచనా కాగితం మొదటి పేజీలోనే రాయాలి.