బిల్లింగ్‌కి ఫుల్ మార్కులు, కనెక్షన్ దగ్గరే తంటా

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. 2020 నుంచి మేం వాడుతున్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ గొడవ దానొక్కదానిది కాదు. కింద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్) పెట్టుకుని, ఒక సిస్టమ్‌ని సర్వర్ చేసి మిగతావాటిని దానికి తగిలించే ఏ ప్యాకేజీ కొన్నా దాదాపు ఇవే ఎదురవుతాయి. మాకు కౌంటర్లో రెండు సిస్టమ్‌లు, గోడౌన్‌లో ఒకటి, నా టేబుల్ మీద ఒకటి, ఇవి కాక సర్వర్.

ముందు మంచి చెప్పేస్తాను. పార్ట్ నంబర్లో చివరి నాలుగంకెలు కొడితే ఐటమ్ వచ్చేస్తుంది. పార్టీ పాత బాకీ బిల్లు పక్కనే కనిపిస్తుంది. జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) ఫైల్ నేరుగా తీసిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ఎడిట్ లాగ్ (ఎంట్రీల్లో ఎప్పుడు ఏం మార్చారో దాచే రికార్డు) ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలని రూల్ వచ్చినప్పుడు అప్‌డేట్ కూడా టైముకే ఇచ్చారు. ఇక్కడిదాకా వంక పెట్టడానికి ఏమీ లేదు.

వంకంతా ఒక్క మెసేజ్ దగ్గరే. 'డేటాబేస్‌కు కనెక్ట్ కాలేదు, అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి.' సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఇదే, కేబుల్ ఊడినా ఇదే, పాస్‌వర్డ్ తప్పైనా ఇదే, నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డుకున్నా ఇదే. మా షాపులో అడ్మినిస్ట్రేటర్ అంటే ఇంకెవరు, నేనే. కౌంటర్ కుర్రాడు "అన్నా, సాఫ్ట్‌వేర్ రావట్లేదు" అని కేకేస్తాడు, ఎదురుగా మెకానిక్ బ్రేక్ ప్యాడ్లు చేత్తో పట్టుకుని బిల్లు కోసం చూస్తుంటాడు, అదే 11వ తేదీ అయితే రిటర్న్ గడువు టెన్షన్ కూడా తోడు.

ఇన్నేళ్లలో నాకు అలవాటైన పద్ధతి చెప్తాను. మొదట అడగాల్సింది ఒకటే: అన్ని సిస్టమ్‌లలో పోయిందా, ఒక్కదాంట్లోనేనా? ఒక్కదాంట్లోనే అయితే సర్వర్ జోలికి అసలు వెళ్లొద్దు, ఆ సిస్టమ్ కేబులో, వైఫైయో, దాని సెట్టింగో చూసుకోండి. అన్నింట్లో పోయి, సర్వర్ మీద కూడా తెరుచుకోకపోతే డేటాబేస్ సర్వీస్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్, ఆగిందని దాదాపు ఖాయం. సర్వర్లో విండోస్ 'సర్వీసెస్' తెరిచి 'ఎస్‌క్యూఎల్ సర్వర్' అని ఉండి బ్రాకెట్లో ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్ అని ఉన్న దానికి ఎదురుగా 'రన్నింగ్' ఉందో లేదో చూడండి. పాత, నెమ్మది మెషీన్లలో కరెంటు పోయి వచ్చాకో, విండోస్ అప్‌డేట్ తర్వాతో ఇది తరచూ జరుగుతుంది. బూట్ అయ్యేటప్పుడు అన్నీ ఒకేసారి లేస్తాయి, సర్వీస్ స్పందించడానికి విండోస్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది, ఆలోపు లేవకపోతే వదిలేస్తుంది. స్టార్టప్ టైప్‌ని 'ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్'కి మార్చి, రికవరీ ట్యాబ్‌లో మొదటి ఫెయిల్యూర్‌కి 'రీస్టార్ట్ ద సర్వీస్' పెట్టాక మాకు ఈ బాధ పోయింది. పొద్దున్నే షాపు తెరవగానే ఒక రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి, అంతే.

సర్వర్ మీద బాగానే తెరుచుకుని మిగతా సిస్టమ్‌లలో రాకపోతే కథ వేరు. ఒకసారి నెట్ ఆపరేటర్ వచ్చి రౌటర్ మార్చి వెళ్లాడు. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొడితే సర్వర్ నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చూస్తే కొత్త రౌటర్ రాగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని 'పబ్లిక్' కింద పెట్టేసింది. మా ఫైర్‌వాల్ రూల్ 'ప్రైవేట్'కి మాత్రమే ఉంది. సర్వర్లో నెట్‌వర్క్ ప్రొఫైల్‌ని ప్రైవేట్ చేయగానే అన్ని కౌంటర్లూ లేచాయి. దీనికోసం ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, వినకండి. ఆ సర్వర్లో మీ పార్టీల లెక్కలన్నీ ఉన్నాయి.

ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కి ఉండే అంకెల అడ్రస్, దాని సంగతి కూడా ఇలాంటిదే. మిగతా సిస్టమ్‌లలో సర్వర్ అడ్రస్ అంకెల్లో ఇచ్చి ఉంటే, రౌటర్ ఏదో ఒక రోజు దానికి వేరే అంకె ఇస్తుంది, ఆ రోజు అందరిదీ పోతుంది. సర్వర్‌కి రౌటర్లోనే ఐపీ రిజర్వ్ చేసి పెట్టండి.

ఇక ఎర్రర్ 26. మా సాఫ్ట్‌వేర్‌లో 'డీటెయిల్స్' అని చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే అసలు మెసేజ్ వస్తుంది. ఆ బాణం ఎందుకంత దాచిపెట్టారో తయారుచేసినవాళ్లకే తెలియాలి. సర్వర్ గానీ, దాంట్లో మనం చెప్పిన ఇన్‌స్టెన్స్ (ఆ సర్వర్లో పేరు పెట్టి నడిపే డేటాబేస్ సెటప్) గానీ దొరకలేదని 26 అర్థం. పేరు కరెక్టుగానే ఉంటే ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ సర్వీస్ ఆగి ఉండాలి, లేదా యూడీపీ 1434 పోర్టుని (ప్రోగ్రామ్ దగ్గరికి నెట్‌వర్క్ వెళ్లే నంబరు దారి) ఫైర్‌వాల్ మూసి ఉండాలి. ఎక్స్‌ప్రెస్‌లో ఇన్‌స్టెన్స్‌కి మామూలుగా డైనమిక్, అంటే మారిపోగల, పోర్టు ఉంటుంది. ఏ పోర్టులో కూర్చుందో మిగతా సిస్టమ్‌లకి చెప్పేది ఆ బ్రౌజరే. పైగా ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు టీసీపీ/ఐపీ (వేరే సిస్టమ్‌లు నెట్‌వర్క్ మీద దాన్ని చేరే పద్ధతి) మామూలుగా డిసేబుల్ అయి ఉంటుంది, సర్వర్ మార్చిన ప్రతిసారీ ఇది గుర్తు చేసుకోవాల్సిందే. నేను చివరికి కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ/ఐపీ ప్రాపర్టీస్ తెరిచి, 'ఐపీఆల్' కింద డైనమిక్ పోర్ట్స్ గడిని ఖాళీ చేసి, టీసీపీ పోర్ట్‌లో 1433 రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేశాను. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టుకే, అదీ లోపలి నెట్‌వర్క్‌కే దారి ఇచ్చాను. మిగతా సిస్టమ్‌లలో సర్వర్ పేరు తర్వాత కామా పెట్టి 1433 అని ఇస్తే బ్రౌజర్‌తో పనే లేదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌దా, నెట్‌వర్క్‌దా అని తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. డెస్క్‌టాప్ మీద ఖాళీ టెక్స్ట్ ఫైల్ చేసి, ఎక్స్‌టెన్షన్‌ని యూడీఎల్‌గా (.udl) మార్చి డబుల్ క్లిక్ చేయండి. సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చి 'టెస్ట్ కనెక్షన్' నొక్కండి. ఇక్కడ సక్సెస్ వచ్చి సాఫ్ట్‌వేర్‌లో రాకపోతే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, గట్టిగానే మాట్లాడొచ్చు.

లాగిన్ ఫెయిల్ అయి 18456 వస్తే మాత్రం కౌంటర్ సిస్టమ్‌లో ఎంత వెతికినా లాభం లేదు. సెక్యూరిటీ కోసమని అక్కడ కారణం చెప్పే కోడ్‌గా స్టేట్ 1 అనే చూపిస్తారు. అసలు కారణం సర్వర్లో ఎర్రర్‌లాగ్ అనే ఫైల్లో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అక్కడ స్టేట్ 8 అంటే పాస్‌వర్డ్ తప్పు, 5 అంటే ఆ యూజరే లేడు. సర్వర్ ఏ పోర్టులో వింటోందో కూడా అదే ఫైల్లో రాసి ఉంటుంది.

కొనేముందు ఎవరూ చెప్పని విషయం సైజు. మా వెర్షన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్‌కి 10 జీబీయే పరిమితి. ఎడిట్ లాగ్ వచ్చాక, దానికితోడు కొనుగోలు బిల్లుల స్కాన్ కాపీలు కూడా లోపలే దాచే సౌకర్యం ఇచ్చాక, మాది గబగబా పెరిగింది. నిండిపోయిన రోజు పాత లెడ్జర్లు చక్కగా తెరుచుకుంటాయి, కొత్త బిల్లు సేవ్ నొక్కితే మళ్లీ అదే 'కనెక్ట్ కాలేదు' మెసేజ్. కనెక్షన్ నిక్షేపంగా ఉంది, చోటే లేదు! స్కాన్ కాపీలు బయట ఫోల్డర్‌కి మార్చాకే దారికొచ్చింది. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (చెప్పిన టైముకి పనులు నడిపే భాగం) కూడా ఉండదు కాబట్టి రాత్రి బ్యాకప్ దానంతటదే అవుతుందనుకోకండి, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మనమే పెట్టుకోవాలి.

హెల్ప్‌లైన్ వాళ్లు మర్యాదస్తులే, కానీ ఏం చెప్పినా చివరికి "రీఇన్‌స్టాల్ చేద్దాం సార్" దగ్గరికే వస్తారు. బ్యాకప్ వేరే డిస్కులో ఉందని కళ్లారా చూడకుండా దానికి ఒప్పుకోవద్దు. సర్వీస్ ఆగినందుకు రీఇన్‌స్టాల్ చేయడం పీకనొప్పికి గుండు చేయించుకోవడం లాంటిది.

నా రేటింగ్ ఐదుకి మూడు. ఒకటే సిస్టమ్ ఉన్న షాపుకి ఇంత సరంజామా అనవసరం, కొనకండి. నాలుగైదు కౌంటర్లు ఉండి, పైన చెప్పినవి నేర్చుకునే మనిషి షాపులో ఒకరుంటే ధైర్యంగా తీసుకోవచ్చు. మేం ఈ ఏడాది కూడా రెన్యువల్ చేశాం, సర్వర్‌ని మాత్రం ఓనర్ గారి టేబుల్ మీది నుంచి తీసి, సాయంత్రం ఎవరూ ఆఫ్ చేయని చోట పెట్టించాను.