అకూస్టిక్, ఎలక్ట్రిక్: పర్లాకిమిడిలో రెండు గిటార్లతో కొన్నేళ్లు

కొత్తగా నేర్చుకునేవారు ముందు కరెంటు అక్కర్లేని అకూస్టిక్ గిటారే పట్టాలనీ, వేళ్లు కాయలు కాచాకే యాంప్లిఫయర్‌తో మోగే ఎలక్ట్రిక్ జోలికి పోవాలనీ ఒడిశాలోని మా గజపతి జిల్లాలో తరచుగా వినిపిస్తుంది. పర్లాకిమిడిలోని మా ఇంట్లో రెండింటినీ ఏళ్ల తరబడి వాయించిన మీదట, ఆ మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఏం వాయించదలచుకున్నారన్న దాన్నిబట్టే మొదటి గిటారును ఎంచుకోవాలి.

అసలు తేడా తీగల దగ్గర ఉంది. అకూస్టిక్‌కు ఎక్కువగా వేసే సెట్టులో అన్నిటికన్నా సన్నని తీగ మందం 0.012 అంగుళాలు, ఎలక్ట్రిక్‌లో 0.009 లేదా 0.010. అంకెల్లో స్వల్పంగా కనబడే ఈ తేడా, చూపుడు వేలితో ఆరు తీగలనూ అదిమి ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే పట్టు) పట్టినప్పుడు మణికట్టుకు బాగా తెలిసివస్తుంది. అంతకన్నా ముఖ్యం మూడో తీగ: అకూస్టిక్‌లో దాని మీద సన్నని లోహపు చుట్టు ఉంటుంది, ఎలక్ట్రిక్‌లో సాధారణంగా ఉండదు. కాస్తో కూస్తో కర్ణాటక సంగీతం నేర్చుకుని, గిటారు మీద రాగం పలికించాలన్న ఆశతో వచ్చేవారు తీగను పక్కకు లాగి గమకం తేవలసి ఉంటుంది. చుట్టున్న తీగ అందుకు మొండికేస్తుంది, నున్నని తీగ సులువుగా లొంగుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కూడా జంట తీగల మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే గమకాలు పలికించారు.

ఇక వానాకాలం. మా ప్రాంతపు తేమకు అకూస్టిక్ పైచెక్క ఉబ్బి, దాని మీద తీగలను మోసే బ్రిడ్జి పైకి లేచి, పన్నెండో మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగలు ఎత్తవుతాయి. అక్కడ రెండున్నర మిల్లీమీటర్లు దాటితే కొత్తవారి వేళ్లు తట్టుకోవు. సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టెలో మూసి ఉంచడం కొంత మేలు. బోలు లేని ఎలక్ట్రిక్‌కు ఈ బెడద చాలా తక్కువ, తుప్పు మాత్రం రెండింటి తీగలకూ తప్పదు.

అలాగని ఎలక్ట్రిక్ అన్నివిధాలా మేలైనదని అనను. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే యాంప్లిఫయర్ గుయ్యిమంటూనే ఉంటుంది. తీగల మీద చెయ్యి వేయగానే ఆ మోత తగ్గితే గిటారును అనుమానించే ముందు ప్లగ్గు పాయింటును ఎలక్ట్రీషియన్‌కు చూపించడం మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు లేని రోజుల్లో ఇంటిల్లిపాదీ చేరి పాడుకోవడానికి పనికొచ్చింది అకూస్టిక్ ఒక్కటే. ఎలక్ట్రిక్ కొనేటప్పుడు యాంప్లిఫయర్, కేబుల్ ఖర్చు కూడా కలుపుకోవాలి. ఇంట్లో సాధనకు పది వాట్లది చాలు, అయితే హెడ్‌ఫోన్ రంధ్రం తప్పక ఉండాలి. గోడలు కలిసిన ఇళ్ల వీధుల్లో రాత్రిపూట సాధన సాగాలంటే అదే దిక్కు.

భజనల్లో పాడే మా పక్కింటి అమ్మాయి ఈమధ్య సలహా అడిగితే, ఆమెకు కావలసింది గొంతుకు తోడు కనుక అకూస్టికే కొనుక్కోమన్నాను. కాకపోతే దుకాణంలోనే 0.011 సెట్టు వేయించి, తీగల ఎత్తు సరిచేయించి తెచ్చుకోమని చెప్పాను.