ఆ "చేత్తో పేర్చిన" పిక్సెల్ ఫాంట్ ప్యాక్ కొనకండి

ఒళ్లు మండిపోయి రాస్తున్నాను, భాష కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. పిక్సెల్ ఫాంట్ అంటే పాత వీడియో గేముల్లోలా చిన్న చిన్న చదరపు గళ్లు పేర్చి చేసిన అక్షరాలు. ఏ ప్యాక్ గురించో పేరు చెప్పక్కర్లేదు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చ అక్షరాలు, కింద "ఒక్కో పిక్సెల్ చేత్తో పేర్చినది" అనే డబ్బా. మీలో సగం మంది దాన్ని ఇప్పటికే విష్‌లిస్ట్‌లో పెట్టుకుని ఉంటారు. తీసేయండి.

నేను చేస్తున్న చిన్న గేమ్‌లో మెనూలకీ స్కోరుకీ కావాలని కొన్నాను, కమర్షియల్ లైసెన్స్‌తో సహా. 16 పిక్సెళ్ల సైజులో పెడితే అక్షరాల అంచులన్నీ బూడిద రంగులో అలుక్కుపోయాయి. 24లోనూ అంతే, 32లోనూ అంతే. 'ఎన్' అక్షరానికి ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. అంకెల సంగతి ఇంకా ఘోరం. ఒకటి ఇరుగ్గా, ఎనిమిది వెడల్పుగా ఉండటంతో స్కోరు పెరిగినప్పుడల్లా వరస మొత్తం పక్కకి జరుగుతోంది. పాత ఆర్కేడ్ గేముల్లో చాలావాటికి ప్రతి అక్షరమూ, ప్రతి అంకే ఒకే 8×8 గడిలో కూర్చునేవి. స్కోరు పరుగెత్తినా అంకె ఉన్నచోటే మారేది. ఇది గేముల కోసమే చేశామని అమ్మేవాళ్లకి ఆ మాత్రం తెలియదా?

సరే, పొరపాటున పాత ఫైల్ పెట్టి ఉంటారులే అనుకుని, స్క్రీన్‌షాట్లు జతచేసి మర్యాదగానే రాశాను. వచ్చిన జవాబు ఇది: "రెట్రో అంటే కాస్త మసగ్గానే ఉంటుందండీ. పాత టీవీలు చూడలేదా?"

చూశాను. మసక ఆ టీవీ అద్దానిది, అక్షరానిది కాదు. 1984లో వచ్చిన మొదటి మాకింతోష్‌కి డిజైనర్ సుజాన్ కేర్ గీసిన చికాగో అనే ఫాంట్ అక్షరాలు చూడండి. ఆ తెరకి నలుపూ తెలుపూ తప్ప బూడిద రంగే లేదు, ఇక మసక ఎక్కడినుంచి వస్తుంది? ఇదంతా రాయకుండా తమాయించుకుని ఒక్కటే అడిగాను: ఈ ఫాంట్ ఎన్ని గళ్ల ఎత్తు మీద గీశారు, ఏ సైజులో వాడాలి? పిక్సెల్ ఫాంట్ నిజంగా గీసినవాళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి.

"ఏ సైజులోనైనా వాడుకోవచ్చు. ముందు ఫాంట్లు వాడటం నేర్చుకుని రండి."

నేర్చుకుని రావాలట! డబ్బు తీసుకున్నంతసేపూ "సర్" అన్న మనిషే. పైగా "ఏ సైజులోనైనా" అన్న ఆ ఒక్క మాటతోనే తనకి పని రాదని తానే ఒప్పుకున్నాడు. 8 గళ్ల మీద గీసిన ఫాంట్ 8, 16, 24 ఇలా గుణిజాల్లోనే పదునుగా కనిపిస్తుంది. 20లో పెడితే ఫాంట్ గడి తెర మీది గడికి సరిపోదు, మిగిలిన ముక్కని తెర బూడిద రంగుతో పూడుస్తుంది. మసకంటే అదే, రెట్రో కాదు.

సరే గురువుగారూ అని ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ ఎడిటర్‌లో ఫైల్ తెరిచాను. అది ఉచితమే, ఎవరైనా చూసుకోవచ్చు. పిక్సెల్ అక్షరానికి నిలువు గీతలూ అడ్డ గీతలూ తప్ప వేరేవి ఉండకూడదు. ఇందులో 'ఎస్' మూలల్లో వంపులున్నాయి! ఎక్కడో దొరికిన మసక బొమ్మని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి ఆటో ట్రేస్ కొట్టేశారు, అంటే బొమ్మ అంచుల్ని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చేసింది. గళ్ల కొలతలూ అంతే. ఫాంట్ ఫైల్లో కొలతలన్నీ యూనిట్లలో ఉంటాయి. 1000 యూనిట్ల ఎత్తుని 8 గళ్లకి పంచితే గడికి 125 రావాలి కదా, ఇక్కడ ఒకటి 118, దాని పక్కది 131. చేత్తో పేర్చారట, ఏ చేత్తోనో మరి.

ఆ ఫొటోలు పంపాను. "డిజిటల్ ఫైల్‌కి రిఫండ్ ఉండదు" అని ఒక ముక్క రాసి బ్లాక్ చేశాడు. సైట్ వాళ్లకి ఫిర్యాదు చేస్తే, ఫైల్ ఇన్‌స్టాల్ అవుతోంది కాబట్టి లోపం లేనట్టేనన్నారు.

నా షోకు నన్ను ముంచింది లెండి. ప్రెస్ స్టార్ట్ టూపీ అనే పిక్సెల్ ఫాంట్ ఉచితం, ఓపెన్ లైసెన్స్, అమ్ముకునే గేమ్‌లో కూడా పెట్టుకోవచ్చు, 8 గళ్ల మీద శుభ్రంగా ఉంటుంది. అందరూ వాడేదే మనకెందుకు, కొత్తగా ఉండాలని పోయాను. కొత్తగానే ఉంది!

ఎవరి దగ్గర కొన్నా, పెద్ద పెద్ద ప్రివ్యూ బొమ్మలు చూసి మాత్రం కొనకండి. అంత సైజులో ఏ చెత్తయినా బాగుంటుంది. అసలు సైజు ఎంతో అడగండి, ట్రయల్ ఫైల్ ఇస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా టైప్ చేసి వెడల్పులు చూడండి. లైసెన్స్‌లో గేమ్‌లోపల ఫాంట్ పెట్టుకోనిస్తారో లేదో కూడా చదవండి, కొందరు దానికి విడిగా వసూలు చేస్తారు.

బ్యాంకుకి డిస్ప్యూట్ పెడుతున్నాను. ఇదే ప్యాక్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ స్క్రీన్‌షాట్లు కూడా పంపండి, కలిపి జతచేస్తాను.