వాల్టర్ వైట్ ముగింపా, జిమ్మీ మెక్‌గిల్ ముగింపా: ఏది మేలు?

మొదటే చెప్పేస్తున్నా, 'బ్రేకింగ్ బ్యాడ్', 'బెటర్ కాల్ సాల్' సిరీస్‌లు రెండూ చివరిదాకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఎవరు పోతారు, ఎవరు జైలుకెళ్తారు, అన్నీ బయటపెట్టేస్తా. తర్వాత తిట్టుకోవద్దు.

మా బావకీ నాకూ ఈ గొడవ 2022 ఆగస్టు 16, మంగళవారం నాడు మొదలైంది. అమెరికాలో సోమవారం రాత్రి ఏఎంసీ ఛానల్లో వేసిన 'బెటర్ కాల్ సాల్' ఆఖరి ఎపిసోడ్ మనకు మర్నాడు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి, కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ అన్నం కలిపిన చెయ్యి అలాగే ఎండిపోయింది. అయిపోయాక బావకి ఫోన్ చేశా. "ఇదేం ముగింపురా? వాడు జైల్లో రొట్టెలు చేసుకుంటున్నాడు. 'ఫెలీనా' ముందు ఇదెంత!" అన్నాడు. 'ఫెలీనా' అంటే 'బ్రేకింగ్ బ్యాడ్' ఆఖరి ఎపిసోడ్. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పండక్కి కలిస్తే భోజనాల దగ్గర ఇదే పంచాయితీ.

రెండూ ఒకే ఇంటి పిల్లలు. 'బ్రేకింగ్ బ్యాడ్' 2008 జనవరిలో మొదలై 2013 సెప్టెంబర్ 29న 62 ఎపిసోడ్లతో ముగిసింది. డ్రగ్స్ తయారీలోకి దిగిన కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్ కథ అది. దాన్ని సృష్టించిన విన్స్ గిలిగన్, అక్కడ రచయితగా ఉన్న పీటర్ గౌల్డ్ కలిసి, అందులోని తిక్క లాయరు సాల్ గుడ్‌మన్‌ని (అసలు పేరు జిమ్మీ మెక్‌గిల్) పట్టుకుని రెండోది మొదలెట్టారు. అది 2015 నుంచి 2022 దాకా 63 ఎపిసోడ్లు నడిచింది. ఊరూ అదే, న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీ. 'ఫెలీనా'ని గిలిగన్ స్వయంగా రాసి తీశాడు, రెండోదాని ఆఖరి ఎపిసోడ్ 'సాల్ గాన్'ని గౌల్డ్ స్వయంగా రాసి తీశాడు. సాల్ తొలిసారి తెరమీదకొచ్చిన ఎపిసోడ్ రాసిందీ గౌల్డే. తాను పుట్టించినవాణ్ణి తానే సాగనంపాడన్నమాట. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడంలో అన్యాయం లేదు.

ముందు బావ పక్షం చెబుతా. 'ఫెలీనా' మొదటిసారి చూసినప్పుడు నేను సోఫాలోంచి లేచి నిలబడ్డా, అబద్ధమెందుకు? అది పక్కా మన సినిమా క్లైమాక్స్. మంచులో ఎవరిదో కారెక్కి, "ఒక్కసారి ఇంటికి చేర్చు, మిగతాది నేను చూసుకుంటా" అని వాల్టర్ వైట్ మొక్కుకోగానే తాళంచెవి పైనుంచి రాలిపడుతుంది. ఇక అక్కణ్ణుంచి ఆ మనిషికి అడ్డే లేదు. తన పాత స్నేహితులు ఇలియట్, గ్రెచెన్‌ల ఇంట్లో దూరి 97 లక్షల డాలర్లు బల్లమీద పోసి, కొడుక్కి చేర్చమంటాడు. వాళ్ళ గుండెలమీద కదిలే ఎర్రచుక్కలు చూసి తుపాకులనుకుంటాం, తీరా చూస్తే వాల్టర్ పాత శిష్యుడు జెస్సీ దోస్తులు బ్యాడ్జర్, స్కిన్నీ పీట్ చేతుల్లో పిల్లలాడుకునే లేజర్ లైట్లు! డ్రగ్స్ దందాలో చెయ్యి ఉన్న లిడియా టీలో విషం. చివర్న, వాల్టర్ డబ్బు దోచుకున్న జాక్ గ్యాంగు డెన్‌లో, కారు డిక్కీలో పెట్టిన ఎం60 మిషన్ గన్ అటూ ఇటూ తిరుగుతూ గోడల్ని జల్లెడ చేస్తుంది. ఆ గ్యాంగులోని టాడ్‌ని, అక్కడ బందీగా ఉన్న జెస్సీ తన సంకెళ్ళతోనే చంపుతాడు. జెస్సీ కారులో గేటు విరగ్గొట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ పారిపోతుంటే మనకూ కేక పెట్టాలనిపిస్తుంది. అమెరికాలో ఆ రాత్రి కోటిమందికి పైగా చూశారు. ఎలివేషన్ అంటే అది.

మూడోసారి చూసినప్పుడు ఒకటి గుచ్చుకోవడం మొదలైంది. ఆ ఎపిసోడ్‌లో వాల్టర్ వేసిన ప్లాన్లలో ఒక్కటీ తప్పిపోదు. ఐదు సీజన్లపాటు ఈ మనిషి వేసిన ప్రతి పథకం ఎక్కడో ఒకచోట చెడి, ఆ చెడినదాన్ని కప్పడానికి ఇంకో పాపం, దాన్ని కప్పడానికి మరోటి. ఆ సిరీస్ రుచే అది. ఆఖరి రోజున మాత్రం పోలీసులు ఊరంతా వెతుకుతున్నా భార్య వంటింట్లోకి నడిచి వెళ్ళగలడు. కారు తాళం జాక్ మనుషులు లాక్కుని పూల్ టేబుల్ మీద పడేస్తే అదీ చేతికందుతుంది. ఏళ్ళ తరబడి బాకీ పడ్డవాడికి చివరిపూట అన్ని లెక్కలూ సరిపోయాయి. రాసినవాళ్ళకు వాడంటే ఎక్కడో ప్రేమ మిగిలిపోయిందని నా అనుమానం.

ఆ వంటింటి సీను మాత్రం నేనెవరికీ ఇవ్వను. కెమెరా మెల్లగా జరిగితే స్తంభం చాటునుంచి వాల్టర్ బయటపడతాడు, అప్పటిదాకా స్కైలర్ ఒక్కతే ఉందనుకుంటాం. "ఇదంతా కుటుంబం కోసమే చేశానని ఇంకోసారి అన్నావంటే" అని ఆవిడ మొదలెడితే, నాకోసమే చేశానంటాడు. నచ్చి చేశానంటాడు, అందులో ఆరితేరానంటాడు. 62 ఎపిసోడ్ల అబద్ధం అరనిమిషంలో విడిపోతుంది. వాల్టర్‌గా చేసిన బ్రయాన్ క్రాన్‌స్టన్ ఆ మాటలు అరిచి చెప్పడు, అలిసిపోయినవాడు చెప్పులు విప్పినట్టు చెబుతాడు.

నా దృష్టిలో బ్రేకింగ్ బ్యాడ్ అసలు ముగింపు దానికి రెండు ఎపిసోడ్ల ముందే అయిపోయింది. 2013 సెప్టెంబర్ 15న వచ్చిన 'ఓజిమాండియాస్', మొయిరా వాలీ-బెకెట్ రాయగా రియాన్ జాన్సన్ తీసినది. ఎడారిలో జాక్ గ్యాంగు చేతికి చిక్కిన తోడల్లుడు హ్యాంక్ ప్రాణం కోసం వాల్టర్ తన 8 కోట్ల డాలర్లూ ఇస్తానంటాడు. హ్యాంక్ మాత్రం, వాళ్ళు పది నిమిషాల కిందటే నిర్ణయించేసుకున్నారు, అంత తెలివైనవాడివి నీకింకా అర్థం కాలేదా అంటాడు. తుపాకీ పేలుతుంది. వాల్టర్ ఇసకలో పక్కకి ఒరిగిపోతాడు, నోరు తెరుచుకుని ఉంటుంది గానీ శబ్దం రాదు. తర్వాత మిగిలిన ఒక్క పీపా డబ్బుని ఎడారిలో దొర్లించుకుంటూ వెళ్తుంటాడు, పేడపురుగు ఉండని దొర్లించినట్టు. ఇంటికెళితే పెళ్ళాం చేతిలో కత్తి. పసిపిల్లని ఎత్తుకెళితే అది "మమా" అంటూ తల్లికోసం దేవులాడుతుంది. ఆ మాట స్క్రిప్టులో లేదు, పక్కన నిలబడ్డ కన్నతల్లిని చూసి ఆ పాప అనేసింది. అది వినగానే వాల్టర్ మొహంలో కలిగిన మార్పుకి ఏ రచయితా డైలాగు రాయలేడు.

తర్వాతిది 'గ్రానైట్ స్టేట్'. అన్నీ పోగొట్టుకుని న్యూహాంప్‌షైర్ మంచులో ఒక గుడిసెలో దాక్కుంటాడు. అది చూసినప్పుడల్లా నాకు మడుగులో దాగిన దుర్యోధనుడే గుర్తొస్తాడు. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయింది, తమ్ముళ్ళు లేరు, సైన్యం లేదు, నీళ్ళ అడుగున ఊపిరి బిగబట్టుకున్న రాజు. బయటనుంచి దెప్పిపొడుపు మాటలు వినబడేదాకా కదలడు. ఇక్కడ ఆ మాటలు టీవీలోంచి వస్తాయి. పోలీసులకు ఫోన్ చేసి లొంగిపోదామనుకున్న వాల్టర్, బార్‌లో కూర్చుని ఉండగా తెరమీద ఇలియట్, గ్రెచెన్ కనబడతారు. వాల్టర్, ఇలియట్ కలిసి పెట్టిన కంపెనీలో పేరు పెట్టడం తప్ప వాడు చేసిందేమీ లేదంటారు. అంతే, గద పట్టుకుని మడుగులోంచి పైకొస్తాడు. ఆ లెక్కన 'ఫెలీనా' తొడలు విరగాల్సిన రోజు. గిలిగన్ మాత్రం గెలిపించి పంపాడు.

ఇక నా పక్షం. ముందుగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది, బెటర్ కాల్ సాల్ చివరి నాలుగు ఎపిసోడ్లూ ఊపిరాడనివ్వకుండా పరిగెత్తించేవి కావు. దాదాపు అంతా నలుపు తెలుపు. ఒమాహాలో ఒక షాపింగ్ మాల్‌లో జీన్ అనే దొంగపేరుతో సినబన్ అనే తీపి రొట్టెల కొట్టు నడుపుకునే మీసాల పెద్దమనిషి, అంటే మన జిమ్మీ. 'నిప్పీ' వచ్చిన వారం నాకే విసుగొచ్చింది, ఇంకా మూడే ఎపిసోడ్లు ఉన్నాయి, ఈ మాల్ దొంగతనం ఎందుకురా అని. 'వాటర్‌వర్క్స్' వచ్చాకే లెక్క అర్థమైంది. అందులో కిమ్, అంటే జిమ్మీ మాజీ భార్య, లాయరు హోవార్డ్ చావులో తన పాత్ర మొత్తం రాసి అతని భార్య చేతికిచ్చి, ఎయిర్‌పోర్టు బస్సులో కూర్చుంటుంది. కూర్చుని ఏడుస్తుంది. ముందు పెదవి వణుకుతుంది, తర్వాత ఆపుకోలేదు, పక్కనున్నావిడ ఎవరో భుజంమీద చెయ్యేస్తుంది. కిమ్‌గా చేసిన రియా సీహార్న్ ఆ ఒక్క షాట్‌కే ఎమ్మీ తీసుకోవాల్సింది. రాలేదు. ఆ సిరీస్ మొత్తానికి 53 నామినేషన్లు వచ్చాయి, చేతికొచ్చిన ఎమ్మీలు సున్నా. బావ దీన్ని తన వాదానికి బలంగా వాడుకుంటాడు. అవార్డులిచ్చేవాళ్ళు బావలాంటివాళ్ళే అయ్యుంటారు.

'సాల్ గాన్'లో జిమ్మీ చెత్తకుండీలో దొరుకుతాడు. ఎదురుగా యావజ్జీవం, దానిపైన 190 ఏళ్ళు. వీడు కూర్చుని, జ్యూరీలో ఒక్కణ్ణి పడేస్తే చాలు నాకు అని ప్రభుత్వ లాయర్లను వణికించి, ఏడున్నరేళ్ళకు దింపుతాడు. హ్యాంక్ భార్య మేరీ ఎదురుగా కూర్చుని ఉండగానే! పైగా శుక్రవారం శుక్రవారం ఒక పింట్ మింట్ చాక్లెట్ చిప్ ఐస్‌క్రీమ్ అడుగుతాడు. ఇక్కడ 'ఫెలీనా' దారి తెరిచే ఉంది. తెలివిగలవాడు అందరినీ బోల్తా కొట్టించి గెలిచాడు, శుభం. కానీ కిమ్ అప్పటికే నిజం చెప్పేసిందని ఆ బేరం దగ్గరే తెలుస్తుంది. కోర్టుకెక్కి, మెరిసే సూటు వేసుకుని, గెలిచిన బేరాన్ని తన చేత్తోనే చెడగొట్టుకుంటాడు. తను లేకపోతే వాల్టర్ వైట్ నెలరోజుల్లో చచ్చేవాడో, జైల్లో ఉండేవాడో అంటాడు. అంతటితో ఆగడు. అన్న చక్ మాట ఎత్తుతాడు, అన్న ఆత్మహత్యకు కారణం తనేనంటాడు. పక్కన కూర్చున్న తన లాయరు బిల్ ఓక్లీ, అది అసలు నేరమే కాదయ్యా అని గొణుగుతాడు. నేరమేనంటాడు జిమ్మీ.

నాకు ఆ ఒక్క మాట ఎం60 కంటే గట్టిగా తగిలింది. చట్టం పుస్తకంలో లేని నేరాన్ని లాయరే ఒప్పుకోవడం. 86 ఏళ్ళ శిక్ష. సాల్ గుడ్‌మన్ కాదు, జేమ్స్ మెక్‌గిల్ అని పిలవండి అంటాడు జడ్జిని. 2021 జులైలో షూటింగ్‌లోనే గుండెపోటుతో కుప్పకూలిన జిమ్మీ పాత్రధారి బాబ్ ఓడెన్‌కర్క్, లేచి వచ్చి చేసిన సీజన్ ఇది. కథకు సంబంధం లేకపోయినా చూస్తున్నంతసేపూ అది మనసులో మెదులుతూనే ఉంటుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. టైమ్ మెషీన్ దొరికితే ఎక్కడికెళ్తావని జిమ్మీ మాజీ పోలీసు మైక్‌ని అడిగి, వాల్టర్‌ని అడిగి, చివర్న చక్ చేతిలో 'ద టైమ్ మెషీన్' పుస్తకాన్నే చూపించడం మరీ బడిపాఠంలా ఉంది. మైక్ ఎడారిలో చెప్పిన జవాబొక్కటి చాలు. తాను మొదటిసారి లంచం తీసుకున్న రోజుకి వెళ్తానంటాడు. దాని తర్వాత తక్కినవి అనవసరం.

ముగింపుల్లోని చివరి దృశ్యాలు చూడండి. వాల్టర్ ల్యాబులో స్టీలు ట్యాంకుని నిమిరి, దానిమీద నెత్తుటి చెయ్యి ముద్ర వదిలి, పడిపోతాడు. పైనుంచి కెమెరా, వెనక పాట. జిమ్మీ జైలు గోడకానుకుని కిమ్‌తో ఒకే సిగరెట్ పంచుకుంటాడు, మొదటి ఎపిసోడ్‌లో కార్లు ఆపేచోట నిలబడ్డట్టే. తెరంతా నలుపు తెలుపు, అగ్గి ఒక్కటే రంగులో. అప్పుడే మంచినీళ్ళ చెంబుతో గదిలోకొచ్చిన మా అమ్మ ఒక్క నిమిషం నిలబడి, "విడిపోయారా వీళ్ళు?" అంది. అవునన్నా. "మరి ఆ పిల్ల ఎందుకొచ్చింది పాపం" అని వెళ్ళిపోయింది. ముందు ఒక్క ఎపిసోడ్ చూడని మనిషి.

కాబట్టి నా తూకం ఇది. చివరి ఎపిసోడ్‌కి చివరి ఎపిసోడ్ పెడితే 'సాల్ గాన్'. ముగింపుకి నడిపించిన దారి చూస్తే, 2013 ఆగస్టు, సెప్టెంబర్‌లలో వచ్చిన ఆ ఎనిమిది ఎపిసోడ్లకు సాటి లేదు, అక్కడ బావకే ఓటు. ఇవాళ రాత్రి ఒక్కటే చూసే టైముంటే, ఈ రెండూ వదిలేసి 'ఓజిమాండియాస్' పెట్టుకుంటా. 2019లో వచ్చిన జెస్సీ సినిమా 'ఎల్ కమీనో' కూడా ముగింపే కదా అనేవాళ్ళున్నారు. బాగానే ఉంటుంది. కానీ నాకు జెస్సీ కథ ఆ గేటు విరిగినప్పుడే అయిపోయింది.

మొన్న సంక్రాంతికి ఇదంతా బావ ముందు పెట్టా. అరిసె నములుతూ విన్నాడు. "వాల్ట్‌ని గెలిపించారంటావు. జిమ్మీని చూడటానికి కిమ్ వచ్చింది. వాల్ట్ చచ్చేటప్పుడు పక్కన ఎవరున్నారు? ట్యాంకు. దాన్ని గెలుపంటార్రా?" అన్నాడు.

"మరి ఆ ట్యాంకుని చూసి ఎందుకు నవ్వాడు బావా?" అన్నా.

బావ ఏమీ అనలేదు. ఇంకో అరిసె తీసుకున్నాడు.